రాని బండికి కాపలా

చీరాలలో మా నాన్న జ్ఞాపకార్థ కూడికకు వాక్యం చెప్పడానికి వచ్చిన పాస్టరుగారు మా సంఘానికి కొత్త. వచ్చి ఆరు నెలలే అయింది. "మన సహోదరుడు ముప్పై ఏళ్ళపాటు వేలాదిమందిని రైల్లో ఎక్కించుకుని క్షేమంగా గమ్యం చేర్చిన డ్రైవరు" అంటూ ఆయన మొదలుపెట్టారు. ముందు వరుసలో కూర్చున్న అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన గమనించలేదు. ఇంజను గురించి, సిగ్నళ్ళ గురించి, జీవితమనే రైలు గురించి చాలాసేపు చెప్పారు. చివరికి అమ్మే లేచి నిలబడి, "అయ్యగారూ, ఆయన బండెక్కింది తక్కువండీ. నడిచిందే ఎక్కువ" అంది.

షామియానా కింద ఉన్నవాళ్ళంతా నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వి దిద్దుకున్నారు. నిజానికి ఆయన తప్పేమీ లేదు. రైల్వే అంటే ప్రయాణికులకు కనబడేది డ్రైవరు, గార్డు, టీసీ, స్టేషన్ మాస్టరు. సుత్తి భుజాన వేసుకుని, బండి వస్తుంటే కట్ట పక్కకు దిగి నిలబడే ఖాకీ చొక్కా మనిషి కిటికీలోంచి ఒక్క క్షణం కనిపించి వెనక్కి వెళ్ళిపోతాడు. మా నాన్న ఆ మనిషి. దక్షిణ మధ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ తర్వాత 28 ఏళ్ళు కీమేన్‌గా పనిచేసి, 1997లో రిటైరయ్యాడు. అప్పటికి 58 ఏళ్ళు నిండాయి. మరుసటి ఏడే కేంద్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసును 60కి పెంచారు. "నేను దిగాక పొడిగించారు ప్లాట్‌ఫారం" అనేవాడు. 2023 ఆగస్టులో, 84 ఏళ్ళ వయసులో ప్రభువునందు నిద్రించాడు.

కీమేన్ పని తెలియనివారికోసం కొంచెం చెప్పాలి. ఒక గ్యాంగు చూసుకునే లైను అయిదారు కిలోమీటర్లుంటుంది. కీమేన్ రోజూ ఆ పొడవంతా కాలినడకన చూసి రావాలి. వెళ్ళేటప్పుడు ఒక పట్టా వెంట, తిరిగొచ్చేటప్పుడు రెండో పట్టా వెంట. పట్టాను స్లీపరుకు బిగించి పట్టుకునే ఇనుప కీలు వదులైతే సుత్తితో కొట్టి బిగించాలి. రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు దగ్గర బోల్టు వదులైతే స్పానరుతో తిప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం పట్టా వ్యాకోచించి వంకర పోతుందేమో చూడాలి. చలికాలం తెల్లవారుజామున ముడుచుకుని చిట్లిందేమో చూడాలి. సంచిలో ఎర్ర జెండాలు, పచ్చ జెండా, డిటోనేటర్లు ఉంటాయి. డిటోనేటరంటే చిన్న బిళ్ళలాంటి టపాకాయ. పట్టా మీద బిగించి ఉంచితే, ఇంజను చక్రం కింద పడి పెద్దగా పేలుతుంది. డ్రైవరు అది విని బండి ఆపుతాడు. లైను తెగిందనుకోండి. తెగిన చోటినుంచి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఈ అంకెలు మా ఇంట్లో పిల్లలందరికీ పది ఆజ్ఞలతోపాటు వచ్చు.

కూడికలో మా పెద్ద తమ్ముడు ఒక లెక్క చెప్పాడు. రోజుకు పది కిలోమీటర్లు, ఏడాదికి మూడొందల రోజులు, 28 ఏళ్ళు. ఎంత తక్కువ వేసుకున్నా 84 వేల కిలోమీటర్లు. భూమి చుట్టూ రెండుసార్లు తిరిగినంత! అంతా కలిపి బాపట్ల, చీరాల మధ్య ఒక చిన్న ముక్కలోనే.

ఈ రైలుకట్టకు తూర్పున సముద్రం వైపు బకింగ్‌హాం కాలువ పారుతుంది. 1876–78 మధ్య వచ్చిన ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న మాదిగ కుటుంబాలకు పని కల్పించారు. మా నాన్న ముత్తాత ఆ కాలువలో మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు ఆయన కూడా ఆ నీళ్ళలోకి దిగాడట. "మా ముత్తాత కాలువ తవ్వాడు, నేను కట్ట కాస్తున్నాను. మాకు పొలం లేకపోయినా ఈ నేల మీద మాకూ పని ఉంది" అనేవాడు నాన్న. అందులో గర్వమూ ఉండేది, కొంచెం బాధా ఉండేది.

నేను పుట్టింది 1966లో. దక్షిణ మధ్య రైల్వే పుట్టిందీ ఆ ఏడే, అక్టోబరు 2న. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు, ఆ తర్వాత చాలా ఎడంగా ఒక చెల్లి. లైను పక్కన గ్యాంగు క్వార్టర్లలో ఒక గది, ఒక వంటిల్లు మాది. సండే స్కూల్లో టీచరుగారు ప్రభువు పేతురుకు పరలోక రాజ్యపు తాళపుచెవులు ఇచ్చాడని చెబితే, నేను చెయ్యెత్తి "మా నాన్న కూడా కీమేనే అండీ" అన్నానట. రిటైరయ్యేదాకా ఆ మాట చెప్పి నన్ను ఏడిపించేవాడు.

నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడు. అమ్మ అప్పటికే పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఉండేది. వెళ్ళేముందు నిద్రపోతున్న మా నలుగురి నెత్తిన చెయ్యి పెట్టి లోపల్లోపలే ఏదో చెప్పుకునేవాడు. నేను ఒకటి రెండుసార్లు మేలుకుని ఉండి కూడా కళ్ళు మూసుకునే పడుకున్నాను. ఆ చేతికి ఇనుము వాసన, గ్రీజు వాసన. వేసవిలో తిరిగొస్తూ తాటి ముంజలు తెచ్చేవాడు. జీతం రోజున గ్యాంగులో చాలామంది సారా దుకాణం మీదుగా ఇంటికొచ్చేవారు. నాన్న మాత్రం నేరుగా వచ్చి డబ్బు అమ్మ చేతిలో పెట్టేవాడు. దానికి ఆయన్ని ఎగతాళి చేసేవారు కూడా. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు నా జడలు నాన్నే వేశాడు. కీ బిగించినంత గట్టిగా వేసేవాడు. స్కూల్లో సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక ఊడేది కాదు.

రాత్రి అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన. నాన్నకు బడి చదువు లేదు. పెళ్ళయ్యాక సంఘంలో ఒక పెద్దాయన దగ్గర రాత్రిళ్ళు కూర్చుని పెద్దక్షరాల బైబిల్లో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. అందుకే ఎక్కువగా ఒకటే భాగం తీసేవాడు, 121వ కీర్తన. తన ప్రజల్ని కాపాడే దేవుడు కునికిపాట్లు పడడని చెప్పే కీర్తన అది. చదివాక బైబిలు మూసి, "ఆయనకు రిలీవరు లేడు" అనేవాడు. ఇంతకుమించి వ్యాఖ్యానం ఎన్నడూ చెయ్యలేదు. ప్రార్థన అయ్యాక లాంతరు పైకెత్తి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. స్లీపర్లు లెక్కపెట్టినట్టే.

చాలా ఆదివారాలు లైను చూసుకుని గుడికి వచ్చేసరికి పాట అయిపోయి వాక్యం మొదలయ్యేది. వెనక తలుపు పక్కన నిలబడేవాడు. ఆరాధనకు సరిగా రాడనే కారణంతో ఒక ఏడాది సంఘపెద్దల జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు. అమ్మకు కోపం వచ్చింది, నాన్నకు రాలేదు. ఆ తీర్మానం చేసినవాళ్ళలో సగంమంది మద్రాసుకు వెళ్ళేది నాన్న చూసిన పట్టా మీదే అన్న సంగతి వాళ్ళకు తట్టలేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. ఇరవై రోజులు సాగింది. నాన్న సమ్మెలో ఉన్నాడు, హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు, ఆ రోజుల జీతం వదులుకున్నాడు. కానీ తెల్లారేసరికి లుంగీ మీదే లైను చూసి వచ్చేవాడు. టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళను పెట్టి కొన్ని బండ్లు నడుపుతున్నారు మరి. తోటివాళ్ళు ఇంటిమీదకొచ్చి తిట్టారు. "బండ్లు ఆపమన్నారు గానీ పడెయ్యమనలేదు గదా" అన్నాడు. అటు అధికారుల దగ్గరా మంచిపేరు రాలేదు, ఇటు యూనియన్లోనూ రాలేదు.

ఇప్పుడు 1977 నవంబరు 19 గురించి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నదే అందుకోసం.

ఆ రోజు శనివారం. దివిసీమ ఉప్పెన అని మనమంతా చెప్పుకునే ఆ తుఫాను చీరాల దగ్గరే తీరం దాటింది. పదివేలకు పైగా జనం పోయారు. పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నానికి గాలి శబ్దం మారింది. అది గాలిలా కాక గూడ్సు బండి ఆగకుండా పోతున్నట్టుగా ఉంది. చీకటి పడేవేళకు గ్యాంగు మేస్త్రి వచ్చి వాకిట్లో నిలబడి నాన్నను పిలిచాడు. తూము దగ్గర కట్ట కోసుకుపోయింది, పట్టాల కింద కంకర లేదు, రెండు వైపులా మనుషులు వెళ్ళి కాపలా ఉండాలి. అమ్మా నాన్నా వంటింట్లో ఏదో మాట్లాడుకున్నారు. గాలి హోరులో మాకు వినబడలేదు. నాన్న గోనెసంచి నెత్తిన వేసుకుని, లాంతరు, డిటోనేటర్ల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మావైపు చూడలేదు. నాకు పదకొండేళ్ళు. నాకు గుర్తున్నది ఆ వీపు.

నాన్న చీరాల వైపు 1200 మీటర్లు వెళ్ళాడు. మూడు డిటోనేటర్లు పెట్టాడు. నిలబడితే గాలి తోసేస్తోంది, అందుకని బోర్లా పడుకుని రెండు చేతులా పట్టా పట్టుకున్నాడు. లాంతరు ఎప్పుడో ఆరిపోయింది. తెల్లవార్లూ అలాగే ఉన్నాడు. ఈ వివరాలన్నీ రెండో వైపు వెళ్ళినాయన మాకు చెప్పాడు. నాన్న చెప్పలేదు.

ఇక్కడ మా ఇంటి పెంకులు మొదట ఒకటొకటిగా, తర్వాత ఒక్కసారిగా లేచిపోయాయి. అర్ధరాత్రి పడమటి గోడ బయటికి కూలింది. లోపలికి కూలి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి తాను అడ్డం పడుకుంది. చెల్లికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. రాత్రంతా నానిపోయి, మొదట్లో ఏడ్చి, తర్వాత ఏడుపు మానేసి వణికింది.

ఆదివారం మధ్యాహ్నం నాన్న వచ్చాడు. అరచేతుల చర్మం ఊడి ఉంది. గుమ్మం లేని ఇంటిముందు నిలబడి మమ్మల్ని లెక్కపెట్టాడు. నలుగురమూ ఉన్నాం. నాలుగో రోజున చెల్లికి జ్వరం తగిలింది. ఊపిరి గురక పెట్టింది. ఎనిమిదో రోజున ఆసుపత్రి వరండాలో పోయింది. లోపల మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఎవరినీ అనేది లేదు. ఆ వారం ఆ జిల్లాలో ఎవరి చేతుల్లో ఏముంది? తుఫాను మృతుల లెక్కలో మా చెల్లి లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు స్టేషన్లో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ సాయంత్రం నుంచే మా సెక్షనులో బండ్లు ఆపేశారట. తీగలు తెగిపోవడంతో ఆ సంగతి లైను మీదవాళ్ళకు చెప్పే దారి లేకపోయిందట. అంటే నాన్న రాత్రంతా రాని బండికి కాపలా కాశాడు! పదకొండేళ్ళ పిల్లకు ఇది అర్థమైన తీరు వేరు. మా నాన్న రాని బండికోసం మా చెల్లిని వదిలి వెళ్ళాడు. అంతే.

నేను నాన్నతో మాట్లాడటం తగ్గించేశాను. జడ వేయించుకోలేదు. ఆయన కూడా ప్రార్థన అయ్యాక లాంతరు ఎత్తడం మానేశాడు. చదవడం మాత్రం ఆపలేదు, అదే కీర్తన. కాపాడేవాడు కునకడని మూడేళ్ళ పిల్లను పాతిపెట్టిన ఇంట్లో ఎలా చదవగలుగుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ఇలాంటి సంఘటనల దగ్గర కొందరు సేవకులు వెంటనే ఒక జవాబు చెప్పేస్తారు. మా ఇంట్లో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. చదివేవాడు చదివాడు, వినేవాళ్ళం విన్నాం.

పదిహేడేళ్ళ వయసులో గుంటూరులో చదువుకోవడానికి వెళ్తానని పట్టుబట్టాను. డబ్బులు లేవు, ఒక్క ఏడాది ఆగమన్నాడు. ఆ కోపంలో అన్నేళ్ళు దాచుకున్న మాట అనేశాను. "రాని బండికోసం చిన్నదాన్ని చంపుకున్నావు. ఇప్పుడు నాకు నీతులు చెబుతావా?" నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాదని నాకెవరు చెప్పారు తల్లీ?" అని సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి అది నాకు మొండితనంలా వినబడింది. ఆ ఏడే అప్పు చేసి నన్ను గుంటూరు పంపాడు.

పెళ్ళయింది, టీచరుద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. నాన్నతో మామూలుగానే ఉండేదాన్ని. పండక్కి బట్టలు పెట్టేదాన్ని. ఆసుపత్రికి తిప్పాను. కానీ మధ్యలో ఒక పలక కదలలేదు, ఇద్దరికీ తెలుసు.

రిటైరయ్యాక చీరాలలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నాలుగింటికి లేవడం పోలేదు. లేచి లెవెల్ క్రాసింగు దాకా నడిచి, పట్టాల వైపు ఒకసారి చూసి వచ్చేవాడు. ఒకసారి ఆ బీటు చూసే కుర్ర కీమేన్ పలకరించడానికి ఇంటికొచ్చాడు. ఇప్పుడు సిమెంటు స్లీపర్లు, కీల స్థానంలో స్ప్రింగు క్లిప్పులు. కీలు పోయినా కీమేన్ అనే పేరు మాత్రం మిగిలింది. ఆ కుర్రాడి దగ్గర జీపీఎస్ పరికరం ఉంది. ఎక్కడున్నాడో, ఎంత నడిచాడో ఆఫీసులో కనిపిస్తుందట. నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, "అయితే నీమీద కూడా కునకనివాడు ఒకడున్నాడన్నమాట" అని నవ్వాడు. ఆఖరి నెలల్లో జ్ఞాపకం చెదిరింది. మమ్మల్ని చూసి వేళ్ళు మడుచుకుంటూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, నాలుగో వేలు దగ్గర ఆగి గది నలుమూలలా చూసేవాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని.

కూడిక అయిన రాత్రి చుట్టాలంతా వెళ్ళాక, అమ్మా నేనూ వరండాలో పక్కలు వేసుకున్నాం. నిద్ర పట్టలేదు. అమ్మే మొదలుపెట్టింది.

"ఆ రాత్రి మీ నాన్న పోనన్నాడు పాపా."

ఏ రాత్రి అని నేను అడగలేదు.

"గోడ ఒరుగుతా ఉంది, పిల్లల్ని వదిలి నేను రాలేనని మేస్త్రికి చెబుతానన్నాడు. ఇంకొకడున్నాడు గానీ వాళ్ళావిడ నిండు నెలల మనిషి. నేనే పొమ్మన్నా. బండినిండా పిల్లలుంటారయ్యా, మన పిల్లల్ని నేను చూసుకుంటాలే, నువ్వు పో అన్నా." కాసేపు ఆగింది. "చూసుకోలేకపోయా."

నేను లేచి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎన్నిసార్లో చెబుదామనుకున్నా. ఆయన పడనివ్వలా. పిల్ల కోపం నామీదే ఉండనీవే, నేనెటూ పగలంతా లైను మీదే ఉంటా. నీమీదికొస్తే పొద్దస్తమానం ఒకే ఇంట్లో ఇద్దరూ ఎట్టా వేగుతారు అన్నాడు. నువ్వు గుంటూరు వెళ్ళే ముందు అన్న మాట నేనూ విన్నాగా. ఆ రాత్రి చెప్పేస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఒట్టు పెట్టించుకున్నాడు. తాను ఉన్నన్నాళ్ళూ చెప్పకూడదని."

నలభై అయిదేళ్ళు. నేను పండక్కి పెట్టిన చొక్కా తొడుక్కుని, నేను తిప్పిన ఆసుపత్రికల్లా తిరిగి, నాలుగో వేలు దగ్గర ఆగిపోయేదాకా ఆ మాట దాచుకున్నాడు. అమ్మమీద నాకు ఆ రాత్రి కోపం రాలేదు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషిమీద ఏమని వస్తుంది? పదకొండేళ్ళప్పుడు తెలిసి ఉంటే వచ్చేదే. ఎంతగా వచ్చేదో నాకు తెలుసు, నాన్నకు నాకంటే బాగా తెలుసు.

అమ్మ చెప్పడం అయ్యాక అటు తిరిగి పడుకుంది. నేను ఫోన్ వెలుతురులో నాన్న పెద్దక్షరాల బైబిలు తీశాను. 121వ కీర్తన ఉన్న పేజీ అంచులు నల్లబడి, వేలిముద్రలు పడి ఉన్నాయి. చదవలేదు, ఆ ముద్రల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.

ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. మెలకువ వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. గడియారం చూస్తే నాలుగు. అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అలవాటు కొద్దీ పెట్టేసిన సంగతి అప్పుడే తెలిసినట్టు గిన్నెవైపు చూస్తూ నిలబడి ఉంది. స్టవ్ ఆర్పబోతుంటే వద్దన్నాను. ఆ నీళ్ళతోనే కాఫీ కలిపాను. వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఇద్దరం తాగాం. గేటు అవతల మద్రాసు వైపు వెళ్ళే బండేదో వెళ్ళింది.